జీడీబీ కమాండ్ వాళ్ల దగ్గర పనిచేసి మీ దగ్గర ఎందుకు మొరాయిస్తోంది? ప్లాట్‌ఫామ్‌ను బట్టి ఇలా చేయండి

“ఇన్ఫో ప్రాక్ కొడితే ఏమీ రావడం లేదు.” “చైల్డ్ ప్రాసెస్‌లో పెట్టిన బ్రేక్‌పాయింట్ తగలడం లేదు.” “మ్యాక్‌లో రన్ అనగానే టాస్క్ పోర్ట్ దొరకలేదంటోంది.” ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్గర్ జీడీబీ గురించి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇవే. పైకి వేర్వేరుగా కనిపించినా వీటి మూలం ఒక్కటే. బ్రేక్, నెక్స్ట్, ప్రింట్, బ్యాక్‌ట్రేస్ లాంటి కమాండ్లు జీడీబీ ఉన్న ప్రతిచోటా ఒకేలా నడుస్తాయి. ప్రాసెస్‌ను పట్టుకోవడం, దాని మెమరీ మ్యాప్ చూపించడం, సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక పని చేసిపెట్టమని అడగడం) దగ్గర ఆపడం మాత్రం కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ చలవ. ఆ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ ఇవ్వనిది జీడీబీ ఎక్కడినుంచి తెచ్చిపెడుతుంది?

కాబట్టి ఎక్కడో చదివిన కమాండ్‌ను గుడ్డిగా కొట్టే ముందు, అది మీ దగ్గర ఉందో లేదో జీడీబీనే అడగండి. మొదటి స్టెప్పు అదే. దాన్ని దాటేసి నేరుగా మూడుకో నాలుగుకో వెళ్లకండి.

ఇంకో మాట. ఇక్కడ కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. స్పెల్లింగ్ అనుమానంగా ఉంటే మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ కీ రెండుసార్లు నొక్కండి, జీడీబీ తనకు తెలిసిన పేర్లన్నీ చూపిస్తుంది. ఆ జాబితాలో లేకపోతే ఆ కమాండ్ మీ దగ్గర లేనట్టే. అది కూడా ఒక జవాబే.

కావలసినవి

- జీడీబీ 12 గానీ అంతకంటే కొత్తది గానీ. పాతదానితోనూ చాలావరకు నడుస్తుంది, కానీ కొన్ని మెసేజ్‌లు ఇక్కడ రాసినట్టు ఉండవు.
- డీబగ్ సమాచారం చేర్చే '-జి' ఆప్షన్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రామ్. ఆప్టిమైజేషన్ ఆపేస్తే ఇంకా మంచిది.
- అడ్మిన్ హక్కులు. అన్నింటికీ అక్కర్లేదు, రెండో స్టెప్పులోనూ మ్యాక్ దగ్గరా కావాలి.
- ఆడుకోవడానికి పది ఇరవై లైన్ల సొంత ప్రోగ్రామ్. ఒక ఫైల్ తెరవాలి, ఒక ఫోర్క్ (ప్రాసెస్ తన నకలుగా చైల్డ్ ప్రాసెస్‌ను పుట్టించడం) చేయాలి, అంతే. కొత్త కమాండ్‌ను మొదటిసారి అసలు ప్రాజెక్టు మీద ప్రయోగించకండి. తప్పు కమాండ్‌దో ప్రోగ్రామ్‌దో తేలక జుట్టు పీక్కుంటారు.

స్టెప్పు 1. మీ జీడీబీలో ఏముందో కనుక్కోండి

జీడీబీ తెరిచి 'షో కాన్ఫిగరేషన్' కొట్టండి. ఆ జీడీబీని ఏయే ఆప్షన్లతో తయారుచేశారో వరసగా వస్తుంది. అందులో మూడు చూడండి. '--హోస్ట్', '--టార్గెట్' అనేవి జీడీబీ ఏ మెషీన్ మీద నడుస్తోందో, ఏ మెషీన్ ప్రోగ్రామ్‌లను డీబగ్ చేయగలదో చెబుతాయి. తర్వాత '--విత్-ఎక్స్‌పాట్' ఉందా, '--వితౌట్-ఎక్స్‌పాట్' ఉందా చూడండి. ఎక్స్‌పాట్ అనేది ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లు చదివే లైబ్రరీ. అది లేకపోతే నాలుగో స్టెప్పులో సిస్టమ్ కాల్ పేర్లు పనిచేయవు, నంబర్లే ఇవ్వాలి. అలాగే '--విత్-పైథాన్' ఉందో లేదో కూడా చూడండి.

తర్వాత ప్రోగ్రామ్‌ను లోడ్ చేసి 'షో ఓఎస్ఏబీఐ' కొట్టండి. మీ ఫైల్‌ను జీడీబీ ఏ సిస్టమ్‌దిగా గుర్తించిందో చెబుతుంది. లినక్స్ ప్రోగ్రామ్‌కు గ్నూ/లినక్స్ అని రావాలి.

ఇక అసలు సంగతి, ఎర్రర్ మెసేజ్‌లు. ఇవి మూడు రకాలు. చాలామంది మూడింటినీ “పనిచేయడం లేదు” అనే ఒక్క మాటలో కలిపేసి అడుగుతారు.

'అన్‌డిఫైన్డ్ ఇన్ఫో కమాండ్' అని వస్తే ఆ కమాండ్ మీ జీడీబీలో అసలు చేర్చలేదని అర్థం. ఉదాహరణకు లినక్స్‌లో 'ఇన్ఫో డాస్' కొట్టి చూడండి. అది డీజేజీపీపీ అనే పాత డాస్ ఎన్విరాన్‌మెంట్‌కు మాత్రమే ఉన్నది. మాన్యువల్‌లో ఇప్పటికీ కనిపిస్తుంది, మీ దగ్గర ఎప్పటికీ రాదు.

'నాట్ సపోర్టెడ్ ఆన్ దిస్ టార్గెట్' అని వస్తే కమాండ్ ఉంది, ఇప్పుడు మీరు పట్టుకున్న టార్గెట్ దానికి జవాబు ఇవ్వలేకపోతోంది.

'నో కరెంట్ ప్రాసెస్' అని వస్తే మీరు ఇంకా ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టలేదు, అంతే. 'స్టార్ట్' కొట్టి మళ్లీ ప్రయత్నించండి. సగం ప్రశ్నలు ఇక్కడే తేలిపోతాయి.

స్టెప్పు 2. ప్రాసెస్‌ను పట్టుకునే అనుమతి

లినక్స్‌లో నడుస్తున్న ప్రాసెస్‌కు 'అటాచ్' చేయబోతే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని వచ్చిందా? ప్రాసెస్ మీదే, యూజర్ మీరే, అయినా ఒప్పుకోవడం లేదా? అయితే ఈ ఫైల్‌లో ఏముందో చూడండి:

/ప్రాక్/సిస్/కెర్నల్/యామా/పీట్రేస్_స్కోప్

0 ఉంటే అదే యూజర్ ప్రాసెస్‌లను మామూలుగా పట్టుకోవచ్చు. 1 ఉంటే జీడీబీ తను మొదలుపెట్టిన ప్రాసెస్‌లనే పట్టుకోగలదు. ఉబుంటులో మామూలుగా ఉండేది ఇదే. 2 ఉంటే అడ్మిన్‌కు మాత్రమే. 3 ఉంటే ఎవరికీ కుదరదు, మెషీన్ రీబూట్ చేసేదాకా మార్చడమూ కుదరదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పని, ఎక్కడో చూసి దాన్ని 0 చేసి అలాగే వదిలేయడం. వద్దు. ముందు ఆలోచించాల్సింది అసలు అటాచ్ కావాలా అని. ప్రోగ్రామ్‌ను జీడీబీ లోపలినుంచే 'రన్' చేస్తే 1 ఉన్నా ఇబ్బంది లేదు. తప్పనిసరిగా అటాచే కావాలంటే ఆ ఒక్కసారికి సుడోతో జీడీబీ నడపండి, లేదా విలువను 0 చేసి పని కాగానే 1 చేయండి.

విలువ 0 ఉన్నా అనుమతి రాకపోతే ఆ ప్రాసెస్‌ను ఇప్పటికే ఇంకెవరో పట్టుకుని ఉండొచ్చు. /ప్రాక్ కింద ఆ పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఫోల్డర్‌లో 'స్టేటస్' ఫైల్ తెరిచి 'ట్రేసర్‌పిడ్' వరస చూడండి. సున్నా కాకుండా ఏ నంబర్ ఉన్నా అది పట్టుకున్న ప్రాసెస్‌దే. పక్క టెర్మినల్‌లో మర్చిపోయిన ఎస్‌ట్రేస్ (సిస్టమ్ కాల్స్‌ను జాబితాగా చూపే టూల్) చాలాసార్లు ఇక్కడ దొరుకుతుంది. ఒక ప్రాసెస్‌కు ఒకేసారి ఇద్దరు ట్రేసర్లు ఉండలేరు.

డాకర్ కంటైనర్ లోపల అయితే కంటైనర్‌ను '--క్యాప్-యాడ్=సిస్_పీట్రేస్' తో మొదలుపెట్టండి. 'ఎర్రర్ డిజేబ్లింగ్ అడ్రస్ స్పేస్ రాండమైజేషన్' అనే వార్నింగ్ వస్తే కంగారు పడక్కర్లేదు. మెమరీ చిరునామాలను ప్రతిసారీ మార్చే రాండమైజేషన్‌ను ఆపడానికి జీడీబీ వాడే పర్సనాలిటీ అనే సిస్టమ్ కాల్‌ను డాకర్ సెక్‌కాంప్ ప్రొఫైల్ (ఏ సిస్టమ్ కాల్స్‌ను అనుమతించాలో చెప్పే జాబితా) అడ్డుకుంది. 'సెట్ డిజేబుల్-రాండమైజేషన్ ఆఫ్' అంటే వార్నింగ్ పోతుంది, డీబగ్గింగ్ మామూలుగా సాగుతుంది.

ఫ్రీబీఎస్‌డీ వాళ్లు 'సెక్యూరిటీ.బీఎస్‌డీ.అన్‌ప్రివిలెజ్డ్_ప్రాక్_డీబగ్' అనే సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగ్) విలువ 1 ఉందో లేదో చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సెక్యూరిటీ ఆప్షన్లన్నీ టిక్ చేసుకుంటూ పోయినవాళ్లకు అది 0 అయి ఉంటుంది.

సరిచూసుకోవడం: అటాచ్ అయ్యాక 'ఇన్ఫో థ్రెడ్స్' కొట్టండి, థ్రెడ్ల జాబితా రావాలి. జాగ్రత్త, అటాచ్ అయిన క్షణం నుంచి ఆ ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది. జనం వాడుతున్న సర్వీస్ అయితే అక్కడ ప్రతి సెకనూ లెక్కే. పని కాగానే 'డిటాచ్' కొట్టండి, 'కిల్' కాదు.

స్టెప్పు 3. క్రాష్ చిరునామా ఎక్కడిదో చూడండి

లినక్స్‌లో 'ఇన్ఫో ప్రాక్' అంటే పీఐడీ, కమాండ్ లైన్, ఏ డైరెక్టరీలో నడుస్తోంది, అసలు ఫైల్ ఏది అన్నవి వస్తాయి. నేను దానికంటే 'ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్' ఎక్కువ వాడతాను. ప్రాసెస్ మెమరీ ఏయే ముక్కలుగా ఉంది, ఏ ముక్క ఏ ఫైల్‌ది, కొత్త వెర్షన్లలోనైతే చదవడానికా రాయడానికా అనే అనుమతులు కూడా చూపిస్తుంది.

ఒక ప్రయోగం చేయండి. 'చార్ *పి' కి కోట్స్‌లో ఒక స్ట్రింగ్ ఇచ్చి, పి[0] లో ఒక అక్షరం రాయండి. రన్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్. పాయింటర్ నల్ కాదు, ప్రింట్ చేస్తే స్ట్రింగ్ చక్కగా కనిపిస్తుంది. మరి ఎందుకు చచ్చింది?

ఇప్పుడు 'ప్రింట్ $_సిగ్‌ఇన్ఫో' కొట్టండి. కెర్నల్ సిగ్నల్‌తో పాటు పంపిన చీటీ ఇది. అందులో 'ఎస్ఐ_కోడ్' చూడండి. 1 ఉంటే ఆ చిరునామాలో అసలు మెమరీయే లేదు. 2 ఉంటే మెమరీ ఉంది, మీరు చేసిన పనికి అనుమతి లేదు. మనకు 2 వస్తుంది. లోపల 'సిగ్‌ఫాల్ట్' భాగంలో 'ఎస్ఐ_ఏడీడీఆర్' అనే చిరునామా ఉంటుంది. దాన్ని పట్టుకుని 'ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్' లో వెతకండి. మీ ప్రోగ్రామ్ ఫైల్‌కే చెందిన ఒక ముక్కలో పడుతుంది, దాని అనుమతి చదవడానికి మాత్రమే. స్ట్రింగ్ లిటరల్ అక్కడ కూర్చుంది. విషయం తేలిపోయింది.

కోడ్ 1 వచ్చి, చిరునామా సున్నాకు దగ్గరగా 8, 16, 24 లాంటి చిన్న అంకె అయితే నల్ స్ట్రక్చర్ పాయింటర్ నుంచి ఫీల్డ్ తీసినట్టు. ఆ అంకె ఆ ఫీల్డ్ ఆఫ్‌సెట్.

ఇదే పని మ్యాక్‌లో 'ఇన్ఫో ప్రాక్' తో జరగదు. అక్కడి జీడీబీలో 'ఇన్ఫో మాక్-రీజియన్స్' ఉంది. యాపిల్ ఇచ్చే డీబగ్గర్ ఎల్ఎల్‌డీబీలో అయితే 'మెమరీ రీజియన్' తర్వాత చిరునామా ఇవ్వండి.

స్టెప్పు 4. సిస్టమ్ కాల్ దగ్గర ఆపడం

నేను అరపూట పోగొట్టుకున్నది ఇక్కడే. ఒక ప్రోగ్రామ్ తన సెట్టింగ్స్ ఫైల్‌ను చదవడం లేదు. ఏ ఫైల్ తెరవబోతోందో చూద్దామని 'క్యాచ్ సిస్‌కాల్ ఓపెన్' పెట్టాను. ఒక్కసారీ ఆగలేదు. ఫైల్ తెరవడమే లేదనుకుని సోర్స్ కోడ్ అంతా తిరగేశాను. తీరా చూస్తే లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.26 నుంచి ఓపెన్ ఫంక్షన్ లోపల ఓపెన్ఎట్ సిస్టమ్ కాల్ పిలుస్తుంది. కోడ్‌లో ఉన్న పేరు వేరు, కెర్నల్ దగ్గరికి వెళ్లే పేరు వేరు. ఫోర్క్ కూడా అంతే, లోపల క్లోన్ అవుతుంది. ఏఆర్ఎమ్ 64 లినక్స్‌లోనైతే ఓపెన్ అనే సిస్టమ్ కాలే లేదు, జీడీబీ ఆ పేరు తెలియదని ముందే చెప్పేస్తుంది. ఎక్స్86లో పేరు ఉంది కాబట్టి క్యాచ్‌పాయింట్ బుద్ధిగా ఒప్పుకుని, జీవితంలో తగలకుండా ఉండిపోతుంది. అదే ప్రమాదం.

ఎక్స్86, 64-బిట్ లినక్స్‌లో ఇలా చేయండి.

4.1. ముందు 'స్టార్ట్'. మెయిన్ దగ్గర ఆగుతుంది. క్యాచ్ ముందే పెట్టుకుని రన్ చేస్తే లోడర్ లైబ్రరీలు తెరిచే ప్రతిసారీ ఆగుతుంది, విసుగొస్తుంది.

4.2. 'క్యాచ్ సిస్‌కాల్ ఓపెన్ఎట్'. స్టార్ట్ పెట్టిన తాత్కాలిక బ్రేక్‌పాయింట్ నంబర్ 1 కాబట్టి దీని నంబర్ 2.

4.3. 'కంటిన్యూ'. 'కాల్ టు సిస్‌కాల్ ఓపెన్ఎట్' అని ఆగుతుంది.

4.4. 'ఎక్స్/ఎస్ $ఆర్ఎస్ఐ'. ఆర్ఎస్ఐ అనే రిజిస్టర్ చూపే చోట తెరవబోతున్న ఫైల్ పేరు కనిపిస్తుంది. ఆర్‌డీఐలో 4294967196 లాంటి వింత అంకె కనిపిస్తే భయపడకండి, అది 32 బిట్లలో -100. ప్రస్తుత డైరెక్టరీ నుంచి అని అర్థం.

4.5. మళ్లీ 'కంటిన్యూ'. ఈసారి 'రిటర్న్డ్ ఫ్రమ్ సిస్‌కాల్' అని ఆగుతుంది. 'ప్రింట్ $ఆర్ఏఎక్స్' కొట్టండి. 3, 4 లాంటి అంకె వస్తే ఫైల్ తెరుచుకుంది. -2 అయితే అలాంటి ఫైల్ లేదు. -13 అయితే ఉంది, అనుమతి లేదు.

ప్రతి కాల్‌కూ రెండుసార్లు ఆగుతుందని గుర్తుంచుకోండి, లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. “నా ప్రోగ్రామ్ ఫైల్‌ను రెండుసార్లు తెరుస్తోంది” అని వచ్చేవాళ్లు ఉంటారు. తెరవడం లేదు, మెసేజ్ మళ్లీ చదవండి.

ఏఆర్ఎమ్ 64 అయితే ఫైల్ పేరు $ఎక్స్1 లో, ఫలితం $ఎక్స్0 లో.

పేరు ఖచ్చితంగా తెలియకపోతే గుంపుగా పట్టుకోవచ్చు. 'క్యాచ్ సిస్‌కాల్ గ్రూప్:నెట్‌వర్క్' అంటే సాకెట్, కనెక్ట్ లాంటివన్నీ వస్తాయి. ఫైళ్లకు 'గ్రూప్:ఫైల్'. కేవలం జాబితా చాలనుకుంటే ఇంత హంగామా ఎందుకు, ఎస్‌ట్రేస్ నడపండి. ఆ కాల్ ఎవరు చేశారో తెలియాలంటే మాత్రం జీడీబీలో ఆగిన చోట 'బ్యాక్‌ట్రేస్' కొట్టడానికి మించింది లేదు.

స్టెప్పు 5. ఫోర్క్ తర్వాత ఎటు వెళ్లాలి

ఇది లినక్స్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ ఉంది. విండోస్ సొంత ప్రోగ్రామ్‌లకు ఫోర్కే లేదు కాబట్టి వాళ్లు దాటేయొచ్చు.

ఫోర్క్ జరిగితే జీడీబీ మామూలుగా పేరెంట్‌తోనే ఉండి, చైల్డ్‌ను వదిలేస్తుంది. వదిలే ముందు అందులో ఉన్న బ్రేక్‌పాయింట్లు తీసేస్తుంది. చైల్డ్‌లో బ్రేక్‌పాయింట్ తగలకపోవడానికి కారణం అదే. చైల్డ్ ఒక్కటే కావాలంటే రన్ చేయక ముందు 'సెట్ ఫాలో-ఫోర్క్-మోడ్ చైల్డ్'.

రెండూ కావాలంటే 'సెట్ డిటాచ్-ఆన్-ఫోర్క్ ఆఫ్'. జీడీబీ పట్టుకున్న ప్రాసెస్‌ను అది ఇన్ఫీరియర్ అంటుంది. 'ఇన్ఫో ఇన్ఫీరియర్స్' కొడితే రెండు వరసలు కనిపించాలి, 'ఇన్ఫీరియర్ 2' అంటే రెండోదానికి మారతారు. ఇక్కడో ఉచ్చు ఉంది. పేరెంట్‌ను కంటిన్యూ చేస్తే అది 'వెయిట్' లో చైల్డ్ కోసం కూర్చుంటుంది. చైల్డేమో జీడీబీ చేతిలో ఆగి ఉంది. ఎవరూ కదలరు, హ్యాంగ్ అయిందనుకుంటారు. కంట్రోల్-సీ నొక్కి 'సెట్ షెడ్యూల్-మల్టిపుల్ ఆన్' చేయండి, తర్వాత కంటిన్యూ రెండింటినీ నడుపుతుంది.

స్టెప్పు 6. జీడీబీలో పెడితే బగ్ మాయమవుతోందా?

జీడీబీ మర్యాదకొద్దీ కొన్ని మారుస్తుంది. మొదటిది, చిరునామాలు ప్రతిసారీ ఒకేలా ఉండేలా రాండమైజేషన్ ఆపేస్తుంది. అందుకే ఎక్స్86, 64-బిట్ లినక్స్‌లో మీ ప్రోగ్రామ్ ఎప్పుడు చూసినా హెక్సాలో 555555554000 దగ్గరే మొదలవుతుంది. చిరునామా మారితేనే బయటపడే బగ్ ఇక్కడ దాక్కుంటుంది. 'సెట్ డిజేబుల్-రాండమైజేషన్ ఆఫ్' చేసి పది పదిహేనుసార్లు నడపండి.

రెండోది ఎక్కువమందికి తెలియదు. లైన్స్, కాలమ్స్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను జీడీబీ మీ ప్రోగ్రామ్‌కు అదనంగా ఇస్తుంది. వాటివల్ల స్టాక్ కాస్త జరుగుతుంది. 'అన్‌సెట్ ఎన్విరాన్‌మెంట్' తర్వాత ఆ పేర్లు ఇచ్చి తీసేయండి. వీటిని మాత్రం పెద్దక్షరాల్లో కొట్టాలి.

స్టెప్పు 7. కోర్ ఫైల్ ఎక్కడికి పోయింది?

కోర్ అంటే ప్రాసెస్ మెమరీని ఉన్నదున్నట్టు ఫైల్‌లో దాచడం. 'అల్‌లిమిట్ -సీ అన్‌లిమిటెడ్' చేశారు, ప్రోగ్రామ్ క్రాష్ అయింది, కోర్ డంప్డ్ అని కూడా వచ్చింది, ఫోల్డర్‌లో ఫైల్ లేదు. /ప్రాక్/సిస్/కెర్నల్/కోర్_ప్యాటర్న్ తెరిచి చూడండి. మొదటి గుర్తు నిలువు గీత అయితే కోర్‌ను ఫైల్‌గా రాయకుండా ఆ పక్కన ఉన్న ప్రోగ్రామ్‌కు అందిస్తున్నారు. అది సిస్టమ్‌డీ-కోర్‌డంప్ అయితే 'కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీ' కొడితే చాలు, చివరి క్రాష్‌ను జీడీబీలో తెరిచి ఇస్తుంది.

క్రాష్ అవ్వకుండానే కోర్ కావాలంటే జీడీబీలో 'జెనరేట్-కోర్-ఫైల్'. బయటినుంచి 'జీకోర్' తర్వాత పీఐడీ. తీసినంతసేపూ ప్రోగ్రామ్ ఆగి ఉంటుంది, మెమరీ ఎక్కువుంటే ఆ ఆగడం కూడా పెద్దదే.

ఇక్కడ జరిగే తప్పు ఒకే ఒక్కటి, కోర్‌ను ఒక మెషీన్‌లో తీసి ఇంకో మెషీన్‌లో తెరవడం. కోర్‌లో మామూలుగా లైబ్రరీల కోడ్ ఉండదు. అదే బైనరీ, అవే లైబ్రరీలు లేకపోతే బ్యాక్‌ట్రేస్‌లో ప్రశ్న గుర్తులే వస్తాయి. కోర్ మీ బైనరీకి సరిపోకపోవచ్చని జీడీబీ వార్నింగ్ ఇస్తే దాన్ని చదివి ఆగండి. ఆ తర్వాత కనిపించే ఫంక్షన్ పేర్లు నమ్మదగ్గవి కావు.

స్టెప్పు 8. చెక్‌పాయింట్

లినక్స్‌లో మాత్రమే. బగ్ దగ్గరికి రావడానికి చాలాసేపు పడుతుంటే, దానికి కాస్త ముందు 'చెక్‌పాయింట్' కొట్టండి. దాటిపోతే 'రీస్టార్ట్ 1' తో వెనక్కి రావచ్చు. లోపల జరిగేది ఫోర్కే, కాబట్టి పీఐడీ మారుతుంది. ఫైల్‌లో ఎక్కడిదాకా వచ్చారో ఆ స్థానం వెనక్కి వస్తుంది, ఫైల్‌లో అప్పటికే రాసింది చెరిగిపోదు. థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌కు పనికిరాదు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క షరతు వల్లే నేను దీన్ని ఏడాదికోసారి కూడా వాడను.

స్టెప్పు 9. విండోస్ వాళ్లకు

మొదటి ప్రశ్న: ప్రోగ్రామ్‌ను దేంతో కంపైల్ చేశారు? విజువల్ సీ++ తో చేస్తే డీబగ్ సమాచారం పీడీబీ ఫైల్‌లోకి వెళ్తుంది, జీడీబీ దాన్ని చదవలేదు. మైక్రోసాఫ్ట్ డీబగ్గర్ విన్‌డీబీజీ వాడండి. మింగ్‌డబ్ల్యూతో (విండోస్ కోసం జీసీసీ కంపైలర్) చేస్తే జీడీబీ సరిపోతుంది. 32-బిట్ జీడీబీతో 64-బిట్ ప్రోగ్రామ్‌ను డీబగ్ చేయలేరు, అదీ చూసుకోండి.

ప్రోగ్రామ్ అవుట్‌పుట్, జీడీబీ ప్రాంప్ట్ కలగాపులగం అవుతుంటే రన్ చేయక ముందు 'సెట్ న్యూ-కన్సోల్ ఆన్'. ప్రోగ్రామ్‌కు వేరే కిటికీ వస్తుంది.

సింబల్స్ (డీబగ్ కోసం ఉంచే పేర్లు) లేని డీఎల్ఎల్‌లో, అంటే విండోస్ లైబ్రరీ ఫైల్‌లో కూడా బయటికి ఇచ్చిన ఫంక్షన్ల మీద బ్రేక్‌పాయింట్ పెట్టొచ్చు. డీఎల్ఎల్ పేరు, ఆశ్చర్యార్థకం, ఫంక్షన్ పేరు, ఇలా: 'బ్రేక్ కెర్నల్32!క్రియేట్‌ఫైల్ఏ'. పెద్దా చిన్నా అక్షరాల తేడా ఇక్కడ ముఖ్యం, అందుకే ట్యాబ్ వాడండి. డీఎల్ఎల్‌లు లోడ్ అయ్యాకే పేర్లు దొరుకుతాయి కాబట్టి ముందు 'స్టార్ట్'. సరిచూడటానికి 'ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ'.

మీరు బ్రేక్‌పాయింట్ పెట్టని చోట, విండోస్ సొంత లైబ్రరీ ఎన్‌టీడీఎల్ఎల్ లోపల, సిగ్‌ట్రాప్ అని ఆగిందా? దాని పైన 'వార్నింగ్' అంటూ హీప్ (ప్రోగ్రామ్ నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ) అనే మాట ఉన్న వరస వచ్చిందేమో చూడండి. అది జీడీబీ వార్నింగ్ కాదు. డీబగ్గర్‌కు విండోస్ పంపే సందేశాల ముందు జీడీబీ ఆ మాట తగిలిస్తుంది, అంతే. డీబగ్గర్ కింద మొదలైన ప్రోగ్రామ్‌కు విండోస్ తనిఖీలు ఎక్కువున్న హీప్ ఇస్తుంది. మీరు పాడుచేసిన మెమరీని అది పట్టుకుంది. చాలామంది దీన్ని జీడీబీ బగ్ అనుకుని కంటిన్యూ కొట్టేస్తారు. కొట్టకండి, 'బ్యాక్‌ట్రేస్' కొట్టి మీ ఫంక్షన్ ఎక్కడుందో వెతకండి. ఆ హీప్ లేకుండా ఎలా ఉంటుందో చూడాలంటే '_నో_డీబగ్_హీప్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేసి నడపండి. పేరంతా పెద్దక్షరాల్లో, ముందు అండర్‌స్కోర్‌తో సహా.

విండోస్‌కే ఉన్న మరో కమాండ్ 'ఇన్ఫో డబ్ల్యూ32 థ్రెడ్-ఇన్ఫర్మేషన్-బ్లాక్'. థ్రెడ్ స్టాక్ హద్దులు అందులో ఉంటాయి. స్టాక్ నిండిపోయిందని అనుమానమొస్తే పనికొస్తుంది, మిగతా రోజుల్లో దాని జోలికి వెళ్లక్కర్లేదు.

స్టెప్పు 10. మ్యాక్ వాళ్లకు

యాపిల్ సిలికాన్ మ్యాక్ అయితే జీడీబీ కోసం తంటాలు పడకండి, ఎల్ఎల్‌డీబీ వాడండి. 2013లో వచ్చిన ఎక్స్‌కోడ్ 5 నుంచే యాపిల్ జీడీబీని పక్కన పెట్టేసింది. ఇంటెల్ మ్యాక్‌లో జీడీబీయే కావాలంటే దాని మీద సంతకం ఉండాలి. లేకపోతే ఇంకో ప్రాసెస్‌ను పట్టుకునే హక్కు, అంటే టాస్క్ పోర్ట్, మ్యాక్ ఇవ్వదు. ఇలా చేయండి:

10.1. కీచైన్ యాక్సెస్ తెరిచి, సర్టిఫికెట్ అసిస్టెంట్‌లో కోడ్ సైనింగ్ రకం సెల్ఫ్-సైన్డ్ సర్టిఫికెట్ ఒకటి తయారుచేయండి. దాన్ని సిస్టమ్ కీచైన్‌లో పెట్టి, కోడ్ సైనింగ్‌కు ఎప్పుడూ నమ్మేలా మార్చండి.

10.2. 'కామ్.యాపిల్.సెక్యూరిటీ.సీఎస్.డీబగ్గర్' అనే హక్కును ట్రూగా చూపే చిన్న ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ రాసి, ఆ ఫైల్‌తో 'కోడ్‌సైన్' కమాండ్ ద్వారా జీడీబీ మీద సంతకం వేయండి. మొజావే, అంటే 10.14 నుంచి ఈ ఫైల్ లేకుండా వేసిన సంతకం చెల్లదు. పాత సూచనలు చదివి చేసినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

10.3. 'సుడో కిల్లాల్ టాస్క్‌గేటెడ్', లేదా రీబూట్.

10.4. జీడీబీలో 'సెట్ స్టార్టప్-విత్-షెల్ ఆఫ్'. జీడీబీ మామూలుగా ప్రోగ్రామ్‌ను షెల్ ద్వారా మొదలుపెడుతుంది. సిస్టమ్ షెల్‌ను డీబగ్ చేయడానికి మ్యాక్ ఒప్పుకోదు.

జీడీబీని అప్‌డేట్ చేసిన ప్రతిసారీ సంతకం పోతుంది, మళ్లీ వేయాలి. నిన్నటిదాకా పనిచేసి ఈరోజు టాస్క్ పోర్ట్ ఎర్రర్ వస్తోందంటే మొదట 'కోడ్‌సైన్ -వీవీ' తో సంతకం ఉందో లేదో చూడండి.

లైన్ నంబర్లు రాకపోతే సంతకంతో సంబంధం లేదు. మ్యాక్‌లో డీబగ్ సమాచారం ఆబ్జెక్ట్ ఫైళ్లలోనే ఉండిపోతుంది. వాటిని చెరిపేశారేమో చూసుకోండి, లేదా చెరిపే ముందు 'డీసిమ్‌యుటిల్' నడపండి.

స్టెప్పు 11. ప్రోగ్రామ్ ఇంకో మెషీన్‌లో ఉంటే

మీరు కూర్చున్నది మ్యాక్ ముందు, ప్రోగ్రామ్ నడుస్తున్నది లినక్స్ బోర్డు మీద జీడీబీసర్వర్ (జీడీబీ తరఫున అవతలి మెషీన్‌లో ఉండే చిన్న ప్రోగ్రామ్) కింద. అప్పుడు వర్తించేవి లినక్స్ స్టెప్పులే. 'ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్' వస్తుంది, ఎందుకంటే ఆ ఫైళ్లను అవతలినుంచి చదివి తెస్తుంది. చెక్‌పాయింట్ మాత్రం రాదు. ఆపరేటింగ్ సిస్టమే లేని చిప్ మీద ఓపెన్‌ఓసీడీ (చిప్‌ను జీడీబీకి కలిపే టూల్) ద్వారా నడుపుతుంటే ప్రాసెస్ అనేదే ఉండదు, కాబట్టి పైన చెప్పినవాటిలో చాలావరకు అక్కడ అర్థం లేనివే.

పీఐడీ ఇచ్చి అటాచ్ చేయాలంటే జీడీబీసర్వర్‌ను '--మల్టీ' తో మొదలుపెట్టి, ఇటునుంచి 'టార్గెట్ ఎక్స్‌టెండెడ్-రిమోట్' తో కలవండి. ఉత్త 'రిమోట్' తో కలిస్తే కుదరదు.

కనెక్ట్ అవగానే లైబ్రరీలన్నీ నెట్‌వర్క్ మీద చదువుతూ నిమిషాలు తినేస్తుంటే, బోర్డు ఫైల్ సిస్టమ్ కాపీ మీ మెషీన్‌లో పెట్టుకుని కనెక్ట్ అవ్వకముందే 'సెట్ సిస్‌రూట్' తో ఆ ఫోల్డర్ చూపించండి. తర్వాత 'ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ' కొట్టి 'సిమ్స్ రీడ్' అనే నిలువు వరస చూడండి. ప్రతి లైబ్రరీ ఎదురుగా 'యెస్' ఉండాలి. పక్కన నక్షత్రం గుర్తుంటే ఫైల్ దొరికింది, అందులో డీబగ్ సమాచారం లేదు. 'నో' ఉంటే ఫైలే దొరకలేదు, సిస్‌రూట్ దారి తప్పుగా ఇచ్చారు.